ధర్మసాగర్ మందల్లో పారుడు, పసరు

కాజీపేట దాటి ధర్మసాగర్ చేరేసరికి ఎండ ఇంకా ముదరలేదు. దేవాదుల నీళ్లు వచ్చి చేరే ఈ జలాశయం వరంగల్ నగరం దాహం తీరుస్తుంది. చుట్టుపక్కల గొల్ల, కురుమల జీవాలు కూడా దీని ఒడ్డునే మేస్తాయి. గొర్లకు పారుడు రోగం వస్తే ఇక్కడివాళ్లు తాపే పసరు సంగతి తెలుసుకుందామని వెళ్లాను.

కట్ట కింద దొడ్డిలో ఒక పెద్దాయన జబ్బు గొర్రెను పట్టి చూపించాడు. చిక్కటి చీమిడి ఎండి ముక్కుపుటాలు పూడుకుపోయాయి. కింది పెదవి తిప్పితే చిగుళ్ల మీద తవుడు చల్లినట్టు తెల్లటి పొర. తోక కింద ఉన్ని అంతా తడి.

"నోరు మండుతది బిడ్డా, గడ్డి ముట్టదు. వేపాకు, పసుపు నూరి నోటికి పూస్త. మునగాకు మెత్తగ రుబ్బి గంజిల కలిపి తాపుత" అన్నాడు.

పక్కనే ఉన్న పశువైద్యాధికారి ఆ మాట కొట్టిపారేయలేదు. పారుడు రోగం తెచ్చే పీపీఆర్ వైరస్ ఒంట్లో చేరితే దాన్ని చంపడానికి తెల్లకణాలు చురుకైన ఆక్సిజన్ అణువులను వదులుతాయి. అవి శ్రుతి మించితే గొర్రె సొంత ఊపిరితిత్తుల, పేగుల పొరలనే దెబ్బతీస్తాయి. మునగాకులోనూ వేపాకులోనూ ఉండే క్వెర్సెటిన్ అనే ఫ్లేవనాయిడ్ తన హైడ్రోజన్ ఇచ్చి ఆ అణువులను చల్లారుస్తుంది. ఇన్‌ఫ్లుయెంజా సోకించిన ఎలుకలకు క్వెర్సెటిన్ ఇస్తే ఊపిరితిత్తుల నష్టం తగ్గినట్టు ప్రయోగాల్లో తేలింది. పసుపులోని కర్కుమిన్ ఫ్లేవనాయిడ్ కాదు గానీ దాని పనీ ఇలాంటిదే.

"ఎలుక వేరు, నెమరేసే జీవం వేరు సార్" అన్నాడు డాక్టరు. గొర్రె పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు క్వెర్సెటిన్‌ను చాలావరకు ముక్కలు చేసేస్తాయి, రక్తంలోకి చేరేది కొంతే. గాజు గిన్నెలో వైరస్‌ను అణచినంత మాత్రాన ఆకు మందలో కూడా అంత పని చేస్తుందని చెప్పలేం. పారుడు కట్టాలని తుమ్మచెక్క కషాయం అతిగా పోస్తే అందులోని టానిన్ల వల్ల అరుగుదల ఇంకా మందగిస్తుంది.

నా మట్టుకు పెద్దాయన గంజి గొప్ప పనే చేస్తోంది. మేత ముట్టని గొర్రెకు నీరు, మాంసకృత్తులు, నోటికి కాస్త ఉపశమనం అందితే తిరిగి లేచే అవకాశం పెరుగుతుంది. రోగం అంటకుండా ఆపేది మాత్రం టీకాయే. 1987లో తమిళనాడులోని అరసూరులో మన దేశంలో మొదటిసారి బయటపడిన ఈ రోగానికి ముక్తేశ్వర్‌లోని పశువైద్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు సుంగ్రి 96 టీకా తయారుచేశారు. ఒక్క సూది మూడేళ్లకు తక్కువ కాకుండా కాపాడుతుంది. దీనికి దగ్గరి చుట్టమైన పశువుల ముసర వ్యాధి 2011 నాటికి ప్రపంచంలోనే లేకుండా పోయిందంటే అది టీకాల చలవే. 2030 కల్లా పారుడునూ అలాగే తుడిచిపెట్టాలన్నది అంతర్జాతీయ లక్ష్యం.

కాపరులారా, నాలుగు నెలలు నిండిన పిల్లలకు తప్పక టీకా వేయించండి. మందలో ఒక్కదానికి చీమిడి, పారుడు కనబడినా వేరుగా కట్టేయండి, అంగడికి తోలకండి, ముందు పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోన్ చేయండి. పసరు ఆ తర్వాత తాపండి.