యానాంలో మా ఏడు కొబ్బరిచెట్లు

యానాం అంతా కలిపి 30 చదరపు కిలోమీటర్లే. గౌతమి మీద వంతెన దాటితే ఎదుర్లంక, ఇక కళ్ళు ఆనినంత మేరా కోనసీమ కొబ్బరే. మా పెరట్లో మాత్రం ఏడే చెట్లు. పొద్దున్నే ఐదున్నరకి వాటి కింద మంచం వేసుకుంటే ఏటి గాలికి కమ్మలు గలగలమంటాయి. కొత్తగా వచ్చిన చుట్టాలు వానొచ్చిందనుకుని ఆరేసిన బట్టల కోసం పరిగెడతారు!

మావారికి ఆ చప్పుడు వినపడదు. ముప్ఫై ఏళ్ళు పుదుచ్చేరి మిల్లులో మగ్గాల మోతకి చెవులు మందగించాయి. ఇంట్లో నేను అరిచి చెబుతుంటే పక్కవాళ్ళు పోట్లాటనుకుంటారు. ఈ పొద్దుటిపూట మాత్రం మాటతో పనిలేదు. కాఫీ తాగుతూ ఇద్దరం పైకి చూస్తాం. కాపుకొచ్చిన చెట్టు ఇంచుమించు నెలకో గెల వేస్తుంది, కాయ ముదరడానికి ఏడాది పడుతుంది. అంచేత పైనించి కిందికి పూత, పిందె, బొండం, ముదురుకాయ వరసగా కనిపిస్తాయి. "జీతం ఆగిన నెలలున్నాయి గానీ, దీనికా బాధ లేదే" అంటారాయన.

రెండు చెట్లు కొట్టించి అద్దెకి గది వేద్దామంటున్నాడు మా అబ్బాయి. వాడి మాటా కొట్టెయ్యలేం. పింఛను చాలడం లేదు, దింపు కూలి పోగా కొబ్బరి మీద మిగిలేదీ తక్కువే. మావారు ఔననలేదు, కాదనలేదు. నిన్న పొద్దున మాత్రం ముందుగా ఆ రెండు చెట్ల పాదులకే నీళ్ళు పెట్టారు.