తప్పెవరిదో చెప్పని బ్రేకప్ ఆల్బమ్

విడిపోవడానికి మన దగ్గర ఒక పేరు రెడీగా ఉంటుంది: లవ్ ఫెయిల్యూర్. ఇంజినీరింగ్‌లో సబ్జెక్ట్ పోయినట్టు! పోయిందంటే ఎవరో ఒకరు సరిగ్గా చదవలేదనేగా. అందుకే ఎవరు కలిసినా మొదట అడిగేది ఒకటే.. ‘తప్పెవరిది?’ అని.

నాలుగేళ్ల ప్రేమ ముగిసినప్పుడు నన్నూ అదే అడిగారు. ఆఫీసులో సర్వర్ ఆగిపోతే ఎందుకు ఆగిందో రిపోర్ట్ రాస్తాం. దీనికీ అలాంటి కారణం కోసం రాత్రిళ్లు కూర్చుని పాత చాట్లన్నీ తిరగేశా. ఫలానా మెసేజ్ దగ్గర చెడిందని చూపించేది ఒక్కటీ దొరకలేదు. మెల్లగా దూరం జరిగాం, అంతే. సరిగ్గా ఆ రోజుల్లోనే బెక్ ఆల్బమ్ ‘సీ చేంజ్’ విన్నా.

బెక్ అమెరికన్ సింగర్. 1994లో ‘లూజర్’ పాటతో అందరికీ తెలిశాడు. ర్యాప్, ఫోక్, వెటకారం అన్నీ కలిపేసే రకం. 1999లో వచ్చిన ‘మిడ్‌నైట్ వల్చర్స్’ అయితే పక్కా పార్టీ ఆల్బమ్. అలాంటివాడు, తొమ్మిదేళ్ల బంధం తెగిపోయాక రాసుకున్న పాటల్ని 2002 సెప్టెంబరులో మన ముందు పెట్టాడు. వెటకారం మాయం. అకూస్టిక్ గిటార్, తొందరపడని డ్రమ్స్, వెనకాల వయొలిన్లు. రేడియోహెడ్ ‘ఓకే కంప్యూటర్’కి పనిచేసిన నైజల్ గాడ్రిచ్ దీనికి ప్రొడ్యూసర్. స్ట్రింగ్స్ అరేంజ్ చేసింది బెక్ వాళ్ల నాన్న డేవిడ్ క్యాంప్‌బెల్. కొడుకు గుండె బరువుకి తండ్రి సంగీతం తోడైంది.

మొత్తం 12 పాటలు. ఎక్కడా ఆమె పేరు రాదు. ఎందుకు విడిపోయారో కథలా చెప్పడు. బాధ మాత్రం ఉన్నది ఉన్నట్టు ఉంటుంది. ఒక పాట పేరే ‘గెస్ ఐయామ్ డూయింగ్ ఫైన్’.. అంటే, బాగానే ఉన్నాననుకుంటా. ఫోన్‌లో అమ్మ ‘ఎలా ఉన్నావురా?’ అంటే నేనూ ‘బాగానే ఉన్నానమ్మా’ అనేవాణ్ని. ఆ ‘అనుకుంటా’ని మాత్రం మింగేసేవాణ్ని.

ఈ ఆల్బమ్ విన్నాక బాధ పోలేదు. కానీ కారణం వెతకడం మానేశా. తీర్పు చెప్పకుండా కూడా ఏడవొచ్చని అర్థమైంది.

దాదాపు అదే టీమ్‌తో బెక్ 2014లో ‘మార్నింగ్ ఫేజ్’ చేశాడు. దానికి ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ గ్రామీ వచ్చింది. పేరులో తెల్లవారడానికి అతనికి 12 ఏళ్లు పట్టింది మరి!

మీ ఫ్రెండ్‌కి బ్రేకప్ అయితే ‘తప్పెవరిది?’ అని అడక్కండి. ‘తిన్నావా?’ అనండి చాలు. ఇయర్‌ఫోన్స్‌లో ఒకటి వాళ్లకిచ్చి, రెండోది మీరు పెట్టుకోండి.