ఎడారిలో నీటి జాడ

అల్జీరియా దేశపు ఆగ్నేయ మూలన, సహారా ఎడారి నడుమ, తస్సిలి నజ్జేర్ అనే విశాలమైన ఇసుకరాతి పీఠభూమి ఉంది. అక్కడి త్వారెగ్ జాతివారి భాషలో ఆ పేరుకు ‘నదుల పీఠభూమి’ అని అర్థం. నేడు అక్కడ నిండుగా పారే పెద్ద నది ఒక్కటీ లేదు. పేరు మాత్రం మిగిలింది. పేరుతోపాటు కొండచరియల కింద 15,000కు పైగా చిత్రాలూ చెక్కడాలూ మిగిలాయి. ఏనుగులు, జిరాఫీలు, నీటిగుర్రాలు, పొడవాటి కొమ్ముల ఆలమందలు, ధనుర్ధారులైన వేటగాండ్రు - వీటిని చూచినవారికి ఆ పేరు కల్పన కాదని తెలుస్తుంది. వేల ఏండ్ల కిందట అక్కడ వానలు కురిశాయి, పచ్చిక మొలిచింది, పశువులు మేశాయి. సుమారు 5,000 సంవత్సరాల కిందటికి ఆ వానలు ముఖం చాటేశాయి. 1982లో యునెస్కో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఈ చిత్రాలను కెమెరాలో బంధించడం తేలికైన పని కాదు. జానెత్ అనే ఒయాసిస్సు పట్టణం నుండి పీఠభూమి మీదికి నిటారు కనుమల గుండా కాలినడకన ఎక్కవలసిందే. నీటినీ, ఆహారాన్నీ, కెమెరా సామగ్రినీ గాడిదలు మోస్తాయి. గాలి కోతకు స్తంభాలుగా నిలిచిన రాళ్లు ఒక పాడుపడిన నగరపు వీధులను తలపిస్తాయి. ఏ వీధి ఎటు పోతుందో త్వారెగ్ మార్గదర్శికే తెలుసు. ఈ చిత్రాలను ఐరోపావారు కనుగొన్నారని కొన్ని గ్రంథాలలో కనిపిస్తుంది. ఆ మాట అంతగా ఒప్పదగినది కాదు. 1930లలో బ్రెనాన్ అనే ఫ్రెంచి సైనికాధికారి వాటిని చూచి గీసుకొనడానికి ముందే, ఆ కొండలలో మేకలు కాచుకొనేవారికి అవి పుట్టి బుద్ధెరిగిన నాటి నుండి పరిచితాలే.

చెక్కడాలకు ఒక వెలుగు కావాలి, రంగుల చిత్రాలకు వేరొక వెలుగు కావాలి. జానెత్‌కు దక్షిణంగా, ఇసుకలో ఒంటరిగా నిలిచిన ఒక రాతి పాదభాగంలో కొన్ని ఆవుల తలలు లోతైన గీతలతో చెక్కి ఉన్నాయి. వాటి కంటి కొసన నీటిబొట్టు. దాహం తీర్చుకోవచ్చిన ఆవులు ఎండిన మడుగును చూచి కన్నీరు పెట్టాయని స్థానికులు చెప్పుకొంటారు. సూర్యుడు నడినెత్తిన ఉండగా తీస్తే ఆ గీతలు రాతిలో కలిసిపోతాయి. ఎండ ఏటవాలుగా తాకే వేళ దాకా ఓపిక పట్టాలి. అప్పుడు ప్రతి గాడిలోనూ నీడ నిండి, కొమ్మూ చెవీ కంటిబొట్టూ తేటపడతాయి. రంగుల చిత్రాలకు ఈ ఎండ పనికిరాదు; వాటికి ఎక్కువ తక్కువలు లేని చల్లని నీడ కావాలి. పక్కన కొలబద్దనూ రంగుల పట్టీనీ ఉంచి తీస్తారు గాని, వాటిని గోడకు అంటించరు. గోడను వేలితోనైనా తాకరాదన్నది ఆ పనిలో మొదటి నియమం.

ఈ నియమం వెనుక ఒక చేదు అనుభవం ఉంది. 1956లో హెన్రీ లోట్ అనే ఫ్రెంచి పరిశోధకుడు చిత్రకారుల బృందంతో తస్సిలికి వచ్చి, వందల చిత్రాలకు నకళ్లు తీయించాడు. వెలిసిన బొమ్మలు స్పష్టంగా కనబడడానికి గోడలను నీటితో తడిపి తుడిచేవారు. తడి ఉన్నంతసేపు ఎర్రమట్టి రంగు నిన్ననో మొన్ననో వేసినట్లు మెరిసేది. కాని ఆ నీటితోపాటు రంగూ కొంత కరిగిపోయింది. ఎండకూ గాలికీ వేల ఏండ్లు ఓర్చుకొన్న బొమ్మ, చూడవచ్చినవారి ఆత్రానికి ఓర్వలేకపోయింది. ఆ నకళ్లను 1957లో పారిస్ నగరంలో ప్రదర్శించినప్పుడు చూపరులు ముక్కున వేలేసుకొన్నారు. తస్సిలి పేరు లోకమంతటా వ్యాపించింది. ఆ కీర్తి లోట్‌దే. దానిని కాదనడం అన్యాయం. అయితే నకళ్లలో మరో చిక్కు కూడా ఉంది. అందులోని పక్షితలల స్త్రీమూర్తులు బృందంలోనివారు పరిహాసానికి సృష్టించినవని తరువాత తేలింది. చేతితో తీసిన నకలులో చేతి చాపల్యం కూడా చేరుతుంది.

కెమెరా మీద ఆధారపడడానికి ఇది ఒక కారణం. 1996లో డేవిడ్ కోల్సన్ అనే ఛాయాగ్రాహకుడు కెన్యాలోని నైరోబీ కేంద్రంగా ఆఫ్రికా శిలాచిత్రాల సంరక్షణకు ఒక సంస్థను స్థాపించాడు. ఆ సంస్థ సేకరించిన సుమారు 25,000 ఛాయాచిత్రాలను భద్రపరిచే పనిని 2013లో బ్రిటిష్ మ్యూజియం చేపట్టింది. ఇక వెలిసిన రంగుల మాట. అంతరిక్షం నుండి తీసిన భూమి చిత్రాలలో వర్ణభేదాలను స్పష్టపరచే గణితపద్ధతి ఒకటి ఉంది. అమెరికాకు చెందిన జాన్ హార్మన్ 2005లో దానిని శిలాచిత్రాలకు అనువుగా మలిచి డీస్ట్రెచ్ అనే కంప్యూటర్ ప్రోగ్రామును రూపొందించాడు. కంటికి ఆనని పశువు ఒకటి తెరమీద ఎర్రగానో నీలంగానో ప్రత్యక్షమవుతుంది. గోడమీద చుక్క నీరు పడదు. ఆ రంగులు నిజమైనవి కావు. అందువల్ల అసలు ఛాయాచిత్రాన్ని కూడా పక్కనే ఉంచడం విజ్ఞుల పద్ధతి.

కెమెరా వల్ల కీడు లేదనడానికీ వీలులేదు. అందమైన ఛాయాచిత్రం పదిమందిని అక్కడికి రప్పిస్తుంది. వారిలో గోడమీద తన పేరు గీకేవాడు ఒక్కడుంటే చాలు. అందుచేతనే కాపలా లేని గుహల చిత్రాలను ప్రచురించేటప్పుడు, అవి ఉన్న చోటును జాగ్రత్తగలవారు గోప్యంగా ఉంచుతారు. లోట్ బృందం నకళ్లలో కనిపించే కొన్ని ఎరుపులు నేడు రాతిమీద అంత నిండుగా లేవు. అక్కడికి వెళ్లినవారి కెమెరాలో పడేది ఆ వెలిసిన గోడే.