పలకల ఊరి వెనక పులుల అడవి

మార్కాపురం పేరు చెబితే పాతతరం వాళ్లకు ముందు పలకే గుర్తొస్తుంది. బలపంతో అఆలు దిద్దిన ఆ నల్లరాయి ఈ చుట్టుపక్కల గనుల్లోంచి వచ్చిందే. నోటుపుస్తకాలు వచ్చి బడిపలకను పక్కకు నెట్టేశాక, అదే రాయిని గోడలకూ నేలకూ అతికించే డిజైన్ పలకలుగా కోసి విదేశాలకు పంపుతున్నారు. ఆ తర్వాత గుర్తొచ్చేది కరువు. వాన పడితే పంట, లేకపోతే వలస. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురాన్నీ గిద్దలూరునూ కర్నూలు నుంచి తెచ్చి ఇటు కలిపారు. గిద్దలూరు వాళ్లకు ఈరోజుకీ ఒంగోలు కంటే కొండ అవతలి నంద్యాలే దగ్గర.

కానీ ఈ ఊళ్లకు పడమట, యర్రగొండపాలెం నుంచి దోర్నాల, అర్ధవీడు, కంభం మీదుగా గిద్దలూరు దాకా నిలబడి ఉన్న నల్లమల సంగతి పత్రికల్లో వచ్చేది తక్కువ. ఎప్పుడైనా పులి ఆవును కొడితే ఒక వార్త, అంతే.

పెద్ద జంతువుల వెంట తిరిగి వాటి సంసారాలు రాసుకోవడం అంటే మనకు టీవీలో చూసిన ఆఫ్రికా సింహాలు గుర్తొస్తాయి. సెరెంగెటిలో జార్జ్ షాలర్ 1966లో మొదలుపెట్టిన ఆ పని తరాల తరబడి సాగింది. అక్కడ మైదానం, కురచ గడ్డి. జీపు ఆపుకుని కూర్చుంటే మంద మొత్తం కళ్లముందే ఉంటుంది. ఆడసింహాలు తల్లీబిడ్డలూ అక్కచెల్లెళ్లుగా ఒకచోటే ఉంటాయి. మగవి ఇద్దరు ముగ్గురు, ఎక్కువసార్లు అన్నదమ్ములు, జట్టు కట్టి మందను పట్టుకుంటాయి. ఏ సింహం ఏదో మీసాల దగ్గరి చుక్కల వరసను బట్టి గుర్తుపడతారు.

నల్లమలలో ఈ సుఖం లేదు. పులి ఒంటరిది, అడవి మూసుకుని ఉంటుంది, ఎండాకాలం ఆకు రాలినా వెదురు పొదలు అడ్డమొస్తాయి. ఏళ్ల తరబడి ఇక్కడ అటవీశాఖలో ఉద్యోగం చేసినా పులిని కళ్లారా చూసింది వేళ్లమీద లెక్కపెట్టేంత అయితే అది పని రాకపోవడం కాదు. ఇక్కడ వెంబడించాల్సింది గుర్తులనే. వాగు దాటేచోట మెత్తటి ఇసుకలో అడుగు పడి ఉంటుంది. గోళ్ల గుర్తు ఉండదు, నడిచేటప్పుడు పులి గోళ్లను లోపలికి ముడుచుకుంటుంది కనుక. మగదాని అడుగు చదరంగా, ఆడదానిది కాస్త కోలగా ఉంటుంది. అంచులు చెదరకుండా ఉంటే రాత్రిదే. మీద చీమలు దారి చేసుకుని పోతే పాతది. చెట్టు బెరడు మీద గీరిన గీతలు, మూత్రం చిమ్మిన వాసన, దుప్పి ఉలిక్కిపడి వేసే కేక, ఇవన్నీ కలిపి చదవాలి.

ఈ చదువు ముందునుంచీ చెంచులది. బేస్ క్యాంపుల్లో వాచర్లుగా ఉండి రోజూ కాలినడకన తిరిగేది ఎక్కువగా వాళ్లే. పులుల సంఖ్య పెరిగిందని ప్రకటన వచ్చినప్పుడు ఆ నడకకు దక్కే చోటు ఎంత చిన్నదో తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఒకప్పుడు ఈ అడుగుల మీదే లెక్కంతా నడిచేది. అడుగు మీద గాజు పలక పెట్టి గీసుకునేవారు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి అచ్చు తీసేవారు. ఒక పులినే రెండుసార్లు లెక్కేశారేమోనన్న అనుమానం ఎప్పుడూ ఉండేది. 2005లో రాజస్థాన్ సరిస్కాలో పులే మిగల్లేదని తేలాక ఆ పద్ధతికి పేరు పోయింది. ఇప్పుడు కెమెరా ట్రాప్‌లు. దారికి రెండువైపులా చెట్లకు మోకాలెత్తున ఎదురెదురుగా కడతారు, ఎందుకంటే పులి కుడిపక్క చారలు ఎడమపక్కకు రావు. కట్టాక ఒకరు చేతులూ మోకాళ్ల మీద పాకుతూ కెమెరాల మధ్యనుంచి పోతారు. ఫొటో పడితే కెమెరా సరిగ్గా ఉన్నట్టు. పులిగా నటించడం కూడా ఉద్యోగంలో భాగమన్నమాట! వేడిని పసిగట్టి తీసే యంత్రం కాబట్టి వేసవిలో కాలిన గాలికి ఆకు ఊగినా క్లిక్కుమంటుంది. ఉత్త ఆకుల ఫొటోలన్నీ దాటుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట చారలు కనిపిస్తాయి.

అలా పోగైన ఫొటోలే ఇక్కడి పులుల సంసారాన్ని చెబుతాయి. ఒక మగపులి ఇలాకాలో రెండు మూడు ఆడపులుల తావులు ఇమిడి ఉంటాయి. పిల్లలు రెండేళ్ల దాకా తల్లి వెంటే. కూతుళ్లు తల్లి పక్కనే తావు వెతుక్కుంటాయి, కొడుకులు దూరం పోతాయి. మగపులులు జట్లు కట్టవు. అయినా ఒక విషయంలో సింహాలకూ వీటికీ తేడా లేదు: కొత్త మగది వచ్చి పాతదాన్ని తరిమితే పాతదాని పిల్లలకు గండమే. వరసగా కనిపించే మగపులి చారలు ఆగిపోయి కొత్తవి పడితే ఫొటోలు చూసేవాళ్లు పిల్లలున్న తల్లి కోసమే ముందు వెతుకుతారు.

1978లో అభయారణ్యంగా, 1983లో పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించిన నాగార్జునసాగర్-శ్రీశైలం విస్తీర్ణం రాష్ట్రం విడిపోయాక కూడా 3,296 చదరపు కిలోమీటర్లు. దేశంలో ఇదే పెద్దది. మధ్యలో చాలా ఏళ్లు అడవిలో తుపాకులే ఎక్కువ తిరిగాయి. 2004లో నక్సలైట్లతో శాంతి చర్చల తర్వాత ఆ సందడి తగ్గుతూ వచ్చాకే కెమెరాలకు వీలు చిక్కింది. జాతీయ గణనలో ఆంధ్రప్రదేశ్ పులులు 2018లో 48, 2022లో 63. వీటిలో ఎక్కువ భాగం ఈ అడవివే.

ఇన్ని పులులు ఉన్నచోట మనిషి దారులూ తక్కువేం లేవు. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ రోడ్డు, రాత్రిపూట మూసేస్తారు. శివరాత్రికి పగలంతా బండ్ల బారులే. గిద్దలూరు దాటాక దిగువమెట్ట నుంచి రైలు అడవిని చీల్చుకుని నంద్యాల వైపు పోతుంది. అడుగున వెలిగొండ సొరంగాలు: శ్రీశైలం జలాశయం ఒడ్డున కొల్లం వాగు నుంచి దోర్నాల వైపు రెండు, ఒక్కోటీ పద్దెనిమిది కిలోమీటర్లకు పైనే. కింద మెట్ట ఊళ్లకు నీళ్లు, పైన పులి. కరువు చూసిన మార్కాపురం వాళ్లను పులా, నీళ్లా అని అడగడం అన్యాయం. సొరంగం పుణ్యమా అని ఆ ప్రశ్న కొంత తప్పింది.

నా మటుకు అసలు పరీక్ష గిద్దలూరు వైపుదే. అక్కడ 1990లో ఏర్పడిన గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం ఉంది. గుండ్లకమ్మ పుట్టేది అక్కడే. ఆ నీళ్లే రెండు కొండల మధ్య కట్ట కట్టిన కంభం చెరువులోకి వస్తాయి. విజయనగర రాణి వరదరాజమ్మ తవ్వించిందని చెప్పుకునే చెరువు ఇది. తల్లిని వదిలిన కుర్ర మగపులులకు దక్షిణంగా లంకమల, శేషాచలం వైపు పోవడానికి దారి ఈ పక్కనుంచే. ఆ దారి మొత్తం అడవి కాదు, మధ్యలో చేలున్నాయి, రోడ్లున్నాయి. అడవిపందుల బాధ పడలేక చేను చుట్టూ దొంగ కరెంటు తీగ లాగే అలవాటు మన పల్లెల్లో ఉంది. ఆ తీగకు పందేదో పులేదో తెలియదు, నీళ్లు పెట్టడానికి రాత్రిపూట వెళ్లిన పక్కచేను రైతూ తెలియదు. పందులు తిన్న పంటకు పరిహారం చేతికి త్వరగా వచ్చేలా చూస్తే ఆ తీగలు లాగేవాళ్లు కొంతైనా తగ్గుతారు. పులులు దక్షిణానికి పోతాయా లేదా అన్నది చాలావరకు ఆ చేల గట్ల మీదే తేలుతుంది.