ఒక బాలుని ప్రశ్న

హైదరాబాదు మా యాలాల్‌కు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. అచ్చట 1998 లో మైక్రోసాఫ్టు వారును, 2004 లో గూగులు వారును తమ కార్యాలయములను నెలకొల్పిరి. ఆ నగరముననే జన్మించిన సత్య నాదెళ్లగారు 2014 లో మైక్రోసాఫ్టు సంస్థకు అధిపతి యైనపుడు మా తరగతిలోని బాలురు చప్పట్లు చరచిరి. అయినను అట్టి మహాసంస్థల పోటీలు మా కందిచేల గట్లవరకు వచ్చునని మేమప్పుడు తలంపలేదు.

2016 సెప్టెంబరు 5వ తేదీన రిలయన్సువారి జియో తన సేవల నారంభించెను. మాటలకు రుసుము లేదు. సంవత్సరాంతమువరకు ఇంటర్నెట్టునకును రుసుము లేదు. పిమ్మట ఆ గడువు 2017 మార్చి 31 వరకు పొడిగింపబడెను. ఊరిలో నెవరి నోట విన్నను సిమ్ముకార్డు మాటయే. ఆ దినములలో తొమ్మిదవ తరగతి బాలుడొకడు లేచి, “సారూ, అంతా పుక్కటికే ఇస్తే వాళ్లకేం మిగులుతది?” అని యడిగెను. “గొప్పవారికి అదియొక లెక్కయా?” అని నవ్వి మేము బోర్డువైపు తిరిగితిమి. పిల్లవాని ప్రశ్నను త్రోసివేయరాదని శిక్షణ కళాశాలలో నేర్చుకొని వచ్చిన మేమే యట్లు చేసితిమి.

ఉత్తరము మెల్లమెల్లగా వచ్చెను. ధరలు పడిపోవగా చిన్న సంస్థలు నిలువలేకపోయినవి. 2018 లో ఎయిర్‌సెల్ దివాలా తీసెను. టెలినార్ ఆ యేటనే ఎయిర్‌టెల్‌లో కలిసిపోయెను. అదే సంవత్సరము ఆగస్టులో వొడాఫోనును ఐడియాయు ఒకటైనవి. మా ప్రాంతమున ప్రభుత్వమువారి బి.ఎస్.ఎన్.ఎల్. గాక మిగిలినవి మూడే. మార్కెటుకు కందులు తోలుకొనిపోవు మా రైతులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. కొనువారు పదిమంది యున్న దినమున ధర యెట్లుండునో, ఇద్దరే మిగిలిన దినమున నెట్లుండునో వారెరుగుదురు. ఇచ్చట తగ్గినవారు అమ్మువారు, అంతియే భేదము.

మాకు మిక్కిలి వింతగా తోచినది మరియొకటి కలదు. 2020 ఏప్రిలులో ఫేస్‌బుక్కువారు 43,574 కోట్ల రూపాయలిచ్చి జియో సంస్థలో 9.99 శాతము వాటా కొనదలచినట్లు ప్రకటించిరి. జూలైలో గూగులువారు 33,737 కోట్లతో అదే త్రోవ పట్టిరి. అంతటితో నిలువక, 2022 జనవరిలో జియోకు ప్రత్యర్థియైన ఎయిర్‌టెల్‌లోను నూరు కోట్ల డాలర్ల వరకు పెట్టుబడి పెట్టుదుమని గూగులువారు చాటిరి. ఎదురెదురు దుకాణములు రెండును కేకలు వేసి పోటీపడుచుండ, ఒకే ధనికుడు రెండింట వాటా కలిగియుండుట యెట్టి పోటీ? పిల్లల ఫోనులలోని ఆండ్రాయిడ్డును యూట్యూబును గూగులువారివే, వాట్సాపు ఫేస్‌బుక్కువారిదే. దారి యేదైనను దిగు సత్రము వారిదే.

అయినను నిందించుటకు మాకు నోరు రాదు. 2020 లో బడులు మూతపడి, సెప్టెంబరు 1 నుండి టి-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠములు ప్రారంభమైనపుడు, సందేహములు తీర్చుటకు మాకు వాట్సాపే గతియయ్యెను. ఇంటర్నెట్టు చౌక గాకున్నచో అదియు లేదు. నాపరాయి గనిలో పనిచేయు నొకాయనకు ముగ్గురు పిల్లలు, ఇంట నొకటే ఫోను. పగలది ఆయన వెంట గనికి పోవును. రాత్రి తొమ్మిది దాటిన పిమ్మట ఆయన పెద్దకూతురు లెక్కలు చేసి ఫోటో తీసి పంపెడిది. మేము దిద్ది మరల పంపువరకు ఆ బిడ్డ మేల్కొని యుండెడిది. అది చదువుకొన్న దినములలో మాకదియే మేలైనది.

2024 జూలైలో ఆ మూడు సంస్థలును ఒకదాని వెంట నొకటి ధరలు పెంచినవి. ఆనాటి ప్రశ్న వేసిన బాలుడు ఇప్పుడు తాండూరులో రీచార్జి దుకాణమున పనిచేయుచున్నాడు. మమ్ము చూచి కుర్చీ వేసి, “సారూ, నా ప్రశ్న యాదికున్నదా?” అనెను. ఉన్నదంటిమి. నాడు నవ్వినందుకు క్షమింపుమంటిమి. అతడు సిగ్గుపడి మాట మార్చి, రెండు ఫోనులకు రీచార్జి చేయించు నొక తల్లి ఆ నెలనుండి ఒకటి మానుకొన్నదని చెప్పెను. మానినది యెవరి ఫోనని యడిగితిమి.

“సదువుకునే పిల్లది, సారూ,” అనెను.