రోగియైన వైద్యుడు

దివిసీమలోని ఒక రైతుబిడ్డకు పదునాలుగవ యేట మధుమేహము కలిగెను. క్లోమము ఇన్సులినును స్రవింపలేకపోవుటచే రక్తమున చక్కెర పెరిగెడి వ్యాధి యిది. దినమునకు పలుమారులు సూది తప్పదు. అతడు వైద్యవిద్య నభ్యసింపగోరగా, "తన యొడలే తన స్వాధీనమున లేనివాడు ఒరుల నెట్లు కాచును?" అని బంధువులు నిట్టూర్చిరి.

తండ్రి విజయవాడ కేగి యొక వృద్ధ వైద్యుని సలహా కోరెను. ఆయన రాబిన్ లారెన్సు చరిత్ర చెప్పెను.

లారెన్సు లండనులో శస్త్రవైద్యము నేర్చుచుండగా 1920లో ఈ వ్యాధి బయల్పడెను. నాటికి దీనికి సరియైన మందు లేదు. చావు తప్పదని యెంచి యతడు ఇటలీలోని ఫ్లారెన్సు నగరము చేరి, బ్రతికినన్నాళ్లు వైద్యము చేయ నిశ్చయించెను. 1922లో టొరంటో నగరమున ఇన్సులిను తొలిసారి రోగి కీయబడెను. మరుసటి యేడు లండను సహచరుడు తంతి నంపగా, కృశించిన దేహముతో లారెన్సు మరలివచ్చి ఆ మందుతో కోలుకొనెను. 1968 వరకు జీవించి, తనవంటి రోగులకు చికిత్స చేసెను. 1934లో వారికై యొక సంఘమును స్థాపించెను.

రైతుబిడ్డ విజయవాడలో 1980లో వెలసిన సిద్ధార్థ వైద్య కళాశాలలో చేరెను. వేళకు భోజనము, వేళకు సూది, చక్కెర హఠాత్తుగా పడిపోయినచో నోట వేసికొనుటకు జేబులో చక్కెర పొట్లము: ఈ నియమములను రాత్రి విధులలోను అతడు తప్పలేదు.

ఒకనాడు ఆసుపత్రిలో మధుమేహముగల బాలిక సూదిని చూచి యేడ్చెను. అది అతనికిని సూది వేళయే. ఆమె యెదుటనే పొట్టపై పొడుచుకొనెను.

"మీకు నొప్పి లేదా, డాక్టరుగారూ?"

"ఉన్నదమ్మా. అయినను మానను."

బాలిక కన్నులు తుడుచుకొని చేయి చాచెను.