నాగార్జునకొండకి లాంచీ ఎక్కేముందు...

లాంచీ ప్రయాణం అనగానే మన సినిమా అభిమానులకి గుర్తొచ్చేది గోదావరే! 'మూగమనసులు' (1964), ఆ తర్వాత 'అందాల రాముడు' (1973)... ఆ రెండూ చూశాక పాపం కృష్ణమ్మని పట్టించుకునేదెవరు? కానీ నల్గొండ జిల్లా అంచున, నాగార్జునసాగర్ జలాశయంలో అచ్చంగా ఓ దీవి ఉంది. చుట్టూ నీళ్లు, మధ్యలో కొండ, కొండ మీద మ్యూజియం. సముద్రంలో దీవి చూడాలంటే విమానం టిక్కెట్టు కావాలి. దీనికి హైదరాబాదులో సాగర్ బస్సో, మాచర్ల బస్సో ఎక్కితే చాలు. నూట యాభై కిలోమీటర్లు, సుమారు నాలుగు గంటలు. మూడుసార్లు వెళ్లొచ్చిన అనుభవంతో చెబుతున్నా, వినండి.

ముందుగా ఓ మాట. నాగార్జున అంటే మీరనుకుంటున్న హీరోగారు కాదు! ఆచార్య నాగార్జునుడనే బౌద్ధ పండితుడి పేరు మీద వచ్చిన పేరది. మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఈ కొండ కింది లోయలోనే ఉండేది. సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం ఇక్కడ ప్రత్యేకంగా ఓ విహారమే ఉండేదని శాసనం చెబుతోంది. అంటే టూరిస్టుల్లో మనం మొదటివాళ్లం కాదన్నమాట!

1926లో ఈ శిథిలాలు బయటపడ్డాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు డ్యాముకి శంకుస్థాపన చేశారు. డ్యాము వస్తే లోయంతా మునుగుతుంది. అందుకని 1954 నుంచి 1960 దాకా పెద్ద ఎత్తున తవ్వకాలు జరిపి, ముఖ్యమైన కట్టడాలు కొన్నిటిని ఊడదీసి, కొండ మీదికి చేర్చి మళ్లీ కట్టారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకి నీళ్లు వదిలారు. అలా కొండ కాస్తా దీవి అయింది. పుట్టుకతో దీవి కాదు, మనం చేసుకున్న దీవి!

ఇక అసలు విషయానికొద్దాం. శుక్రవారం వెళ్లకండి, మ్యూజియం మూసేస్తారు. కొత్త సినిమా మొదటాటకి ఎలాగూ శుక్రవారం సెలవు పెడతారు కదా, దీనికి ఇంకో రోజు చూసుకోండి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. మే నెలలో మాత్రం ఆ రాళ్ల మీద ఆమ్లెట్ వేసుకోవచ్చు. జలాశయం పూర్తి మట్టం 590 అడుగులు. నీటిమట్టం బాగా పడిపోయినా, గాలి లేచినా లాంచీలు ఆపేస్తారు. రెండోసారి వెళ్లినప్పుడు కౌంటర్లో ఆయన నా వంకైనా చూడకుండా "గాలి మస్తుగున్నది సార్, ఇయ్యాల లాంచీ పోదు" అన్నాడు. సాయంత్రం దాకా ఒడ్డునే కూర్చుని వేడివేడి చేపల వేపుడు తిని వచ్చేశా. అదీ బాగానే ఉంది. కాకపోతే రేటు ముందే అడగండి.

లాంచీలు రెండు ఒడ్డుల నుంచీ ఉంటాయి. తెలంగాణ వైపు హిల్ కాలనీ, ఆంధ్రా వైపు విజయపురి సౌత్. దీవి మాత్రం ఆంధ్రప్రదేశ్‌లో, ఇప్పటి పల్నాడు జిల్లాలో ఉంది. కాబట్టి టిక్కెట్టు కొనేముందే "దీవి మీద దింపుతారా, ఊరికే తిప్పి తీసుకొస్తారా?" అని గట్టిగా అడగండి. ఎక్కాక అడిగితే లాభం లేదు. పొద్దున్నే బయల్దేరండి. నీళ్ల మీద దాదాపు గంట. దిగేటప్పుడే తిరుగు లాంచీ ఎన్నింటికో కనుక్కోండి.

లైఫ్ జాకెట్ మాట. "హెయిర్ స్టయిల్ పాడవుతుంది", "ఫొటోలో బాగోదు" అని చంకలో పెట్టుకునే కుర్రాళ్లని ప్రతిసారీ చూస్తున్నా. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండల బోటు మునిగి ఎన్ని ప్రాణాలు పోయాయో మరిచిపోయారా? తొడుక్కోండి, తాడు బిగించండి. ఇవ్వకపోతే ఎక్కకండి. ఇందులో బేరాల్లేవు.

మ్యూజియంలో బుద్ధుడి కథలూ, జాతక కథలూ సున్నపురాతి మీద వరసగా చెక్కి ఉంటాయి. సీన్ తర్వాత సీన్, మధ్యమధ్యలో జంట బొమ్మలు... డ్యూయెట్లనుకోండి! నిలువెత్తుని మించిన బుద్ధ విగ్రహం దగ్గర అందరూ ఆగుతారు. మీరు మాత్రం మునిగిపోయిన లోయ నమూనా దగ్గర ఇంకాసేపు ఆగండి. మొన్న నేను వెళ్లినప్పుడు అక్కడ మాచర్ల వైపు నుంచి వచ్చిన ఓ డెబ్భై ఏళ్ల పెద్దమ్మ నిలబడి ఉంది. మనవడు "రా అవ్వా, లాంచీ పోతుంది" అని లాగుతున్నా కదలదు.

"ఏం చూస్తున్నావు పెద్దమ్మా?" అన్నాను.

"ఈడనే మా ఇళ్లుండేయి నాయనా. ఆ వాగు పక్కన మా నాయన జొన్న ఏసేవోడు" అంది వేలు చూపిస్తూ.

నమూనాలో స్తూపాలకీ విహారాలకీ గుర్తులున్నాయి. పెద్దమ్మ చూపించిన చోట నాకేమీ కనపడలేదు. రాళ్లనైతే జాగ్రత్తగా కొండెక్కించారు, మనుషుల్ని వేరే చోట్లకి పంపేశారు. ఆ నీళ్లే నల్గొండలో, గుంటూరులో లక్షల ఎకరాలు పండించాయి, అదీ కాదనలేం. తిరుగు లాంచీలో పెద్దమ్మ కిటికీ పక్క సీటు అడిగి మరీ కూర్చుంది. దారంతా నీళ్లలోకే చూస్తూ ఉంది. నేను మళ్లీ పలకరించలేదు.

తెచ్చుకోవాల్సినవి: మంచినీళ్లు, టోపీ, గట్టి చెప్పులు, పులిహోర పొట్లం. దీవి మీద హోటలు దొరుకుతుందని నమ్ముకోవద్దు. ప్లాస్టిక్ సీసాలు వెనక్కి తెచ్చుకోండి.

రెండో రోజు ఉంటే విజయపురి సౌత్ నుంచి ఆటోలో అనుపు వెళ్లండి. లోయలోని ప్రాచీన రంగస్థలాన్ని అక్కడ మళ్లీ కట్టారు. చుట్టూ మెట్లు, మధ్యలో అరీనా. కింద నిలబడి ఓ డైలాగు వదిలితే పై మెట్టు దాకా వినిపిస్తుంది, మైకక్కర్లేదు! డ్యాముకి 11 కిలోమీటర్లలో ఎత్తిపోతల, 70 అడుగుల జలపాతం. అక్కడ మొసళ్లున్నాయి, సరదాకైనా నీళ్లలో దిగొద్దు. హిల్ కాలనీ వైపు ఉండిపోయేవాళ్లకి 2022లో తెరిచిన బుద్ధవనం ఉంది. 274 ఎకరాలు, సాయంత్రం పూట నడవండి. ఆదివారమైతే తిరుగు బస్సులో సీటు గ్యారంటీ లేదు, ముందే రిజర్వు చేయించుకోండి.